ఆవడి నుంచి అటవీ హక్కుల దాకా: కాంగ్రెస్ సోషలిజం మాట మీద నిలబడిందా?

బరంపురం_బాతాఖానీ

కాంగ్రెస్ సోషలిజం మాట నిలబెట్టుకుందా లేదా అన్న గొడవ పక్క చర్చలో ఎన్నికల తిట్లలోకి జారిపోయింది కాబట్టి విడిగా తెరుస్తున్నాను. కాంగ్రెస్ నియమావళి మొదటి అధికరణంలో పార్లమెంటరీ ప్రజాస్వామ్యం పునాదిగా సోషలిస్టు రాజ్యం స్థాపించడం తమ లక్ష్యమని రాసుకున్నారు. 1955లో మద్రాసు దగ్గర ఆవడి మహాసభలో సోషలిస్టు తరహా సమాజం అన్నారు. 1964 జనవరిలో మన భువనేశ్వర్ మహాసభలో ప్రజాస్వామ్య సోషలిజం అన్నారు. ఆ మాట ఎంతవరకు చెల్లింది?

ఈ కథలో మన ఊరికీ చోటుంది. 1969 జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం పెట్టిన వి.వి.గిరి పుట్టింది బరంపురంలో. పరిశ్రమ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలన్న లైసెన్సుల రాజ్యాన్ని 1991లో ఎత్తేసిన పి.వి.నరసింహారావు 1996లో బరంపురం నుంచి ఎంపీగా గెలిచారు. కట్టినాయనా విప్పినాయనా ఇద్దరూ తెలుగువాళ్లే.

ఏ చట్టం, ఏ సంవత్సరం, అమలులో ఎక్కడ తెగింది... అవి రాయండి. నినాదాలు వద్దు.

గుణుపురం_గోల

నియమావళిలో ఉంటే చాలా బాబూ? ఈ దేశంలో సోషలిజం మీద ఒట్టు పెట్టకుండా పార్టీయే రిజిస్టర్ అవదు కదా. ఆ లెక్కన అందరూ సోషలిస్టులే.

మాస్టారు_పర్లాకిమిడి

గోల గారన్నది నిజమే, వివరం చెబుతాను. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో సెక్షన్ 29ఏ ఉంది. 1989లో అమల్లోకి వచ్చింది. దాని 5వ ఉపసెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కోరే పార్టీ తన నియమావళిలో రాజ్యాంగానికీ, సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్య సూత్రాలకూ కట్టుబడి ఉంటామని స్పష్టంగా రాసి ఇవ్వాలి. కాబట్టి ఒట్టుని సాక్ష్యంగా తీసుకోలేం. రాజ్యాంగ పీఠికలో 1976 నాటి 42వ సవరణతో చేరిన మాటా అంతే. దాన్ని తీసెయ్యాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబరు 25న కొట్టేసింది గానీ, సోషలిజమంటే సంక్షేమ రాజ్యం, అవకాశాల్లో సమానత్వం అనీ, ప్రైవేటు వ్యాపారానికి అది అడ్డు కాదనీ చెప్పింది. అంత వెడల్పు చేశాక అందులో ఎవరైనా పడతారు.

నా దృష్టిలో చూడాల్సినవి రెండు. ఆస్తి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయింది? పేదవాడు ఆఫీసుకెళ్లి దయ అడుగుతున్నాడా, హక్కు అడుగుతున్నాడా?

ఇక చరిత్రలో చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. 1931 కరాచీ తీర్మానంలోనే కీలక పరిశ్రమలు, గనులు, రైళ్లు రాజ్యం చేతిలోనో అదుపులోనో ఉండాలన్నారు. 1934లో జయప్రకాశ్ నారాయణ్, ఆచార్య నరేంద్ర దేవ్ వంటివారు కాంగ్రెస్ లోపలే సోషలిస్టు పార్టీ పెట్టారు. 1948లో నాసిక్‌లో వాళ్లంతా కాంగ్రెస్ వదిలేశారు. ఆవడి తీర్మానం ఆ తర్వాత ఏడేళ్లకు. అంటే ఆ పేరు పెట్టుకునేనాటికి సోషలిస్టుల్లో పెద్దలు ఇంట్లో లేరు. మిగిలినవాళ్లలో భూస్వాములు ఎక్కువ. 1959 నాగపూర్ మహాసభలో ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేశారో లేదో, ఎన్.జి.రంగా అధ్యక్షుడుగా స్వతంత్ర పార్టీ లేచింది. లోపలున్న భూస్వాములు పార్టీ కూడా మారలేదు, తీర్మానాన్ని అలాగే ఎండబెట్టేశారు.

లెక్కలచిట్టా_జయపురం

మాస్టారి మొదటి ప్రశ్నకి బ్యాంకులతో మొదలెడదాం, ఎందుకంటే అంకెలు గట్టిగా దొరికేది అక్కడే.

50 కోట్ల రూపాయలకు తక్కువ కాకుండా డిపాజిట్లున్న 14 బ్యాంకుల్ని తీసుకున్నారు. దేశంలోని డిపాజిట్లలో సుమారు 85 శాతం వాటివే. 1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, నాలుగు రోజులకే కొత్త ఆర్డినెన్సు వచ్చింది, పరిహారం 87.4 కోట్లు. 1980లో ఇంకో ఆరు బ్యాంకులు, అందులో ఆంధ్రా బ్యాంకు ఒకటి. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసేదాకా గంజాం జిల్లాకి లీడ్ బ్యాంకు, అంటే జిల్లాలో బ్యాంకులన్నిటి పనినీ సమన్వయం చేసే బ్యాంకు, అదే.

1969లో దేశంలో బ్యాంకు శాఖలు 8,262. అందులో పల్లెల్లోవి 1,833. 1991కి పల్లె శాఖలే 35 వేలు దాటాయి. ఇది మంచి మనసుతో జరిగింది కాదు, నిబంధనతో జరిగింది. 1977 నుంచి 1990 దాకా బ్యాంకు ఉన్న చోట ఒక కొత్త శాఖ కావాలంటే, లేనిచోట నాలుగు తెరవాలి. దానికి తోడు మొత్తం అప్పుల్లో 40 శాతం వ్యవసాయం, చిన్న పరిశ్రమల్లాంటి ప్రాధాన్య రంగాలకి.

తెగింది ఎక్కడంటే, శాఖ పల్లెకి వచ్చింది, అప్పు మాత్రం పట్టా ఉన్నవాడి దగ్గర ఆగింది. కౌలు రైతుకి, పోడు చేసేవాడికి తాకట్టు పెట్టడానికి కాగితం లేదు. భూమి కదలకుండా బ్యాంకు ఒక్కటే కదిలితే అంతకంటే జరగదు.

గుణుపురం_గోల

గిరి గారి పేరు గర్వంగా చెబుతున్నారు, బాగుంది. 1954లో బ్యాంకు ఉద్యోగుల ట్రిబ్యునల్ అవార్డుని ప్రభుత్వం మార్చేసిందని కేంద్ర కార్మిక మంత్రి పదవికి రాజీనామా ఇచ్చిన మనిషి. రైల్వే కార్మిక సంఘాలు కట్టిన మనిషి. మరి 1974 మేలో రైల్వే సమ్మెని ఇందిర ప్రభుత్వం అరెస్టులతో అణిచేసినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఎవరండీ? బ్యాంకులు తీసుకుంటే సోషలిజం, రైలు కూలీ కూడు అడిగితే దేశద్రోహమా?

మాస్టారు_పర్లాకిమిడి

ఆ దెబ్బ సరైన చోటే పడింది. సర్కారే యజమాని అయితే సమ్మె సర్కారు మీద సమ్మె అవుతుంది. ఆ చిక్కుకి కాంగ్రెస్ ఏనాడూ జవాబు వెతకలేదు. సంఘాలూ యాజమాన్యాలూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి గానీ ట్రిబ్యునల్‌కి అప్పజెప్పకూడదని గిరి గారు పోరారు. పార్టీ వినలేదు.

లెక్కలచిట్టా_జయపురం

ఇక భూమి. అసలు ఓటమి ఇక్కడ.

ఒడిశా భూసంస్కరణల చట్టం 1960లో వచ్చింది. గరిష్ఠ పరిమితిని కుటుంబానికి 10 ప్రామాణిక ఎకరాలకి దించింది 1970ల మొదట్లో. పన్నెండేళ్లు దాటిన ఆ సందులో ఏం జరగాలో అదే జరిగింది. ప్రామాణిక ఎకరం అంటే మామూలు ఎకరం అనుకోకండి. రెండు పంటలు తడిసే మొదటి తరగతి నేల అయితే ఎకరానికి ఎకరం. ఒక పంట తడిసేది ఎకరన్నర. వర్షాధారపు వరి నేల 3 ఎకరాలు. మిగతా మెట్ట 4.5 ఎకరాలు. అంటే మెట్టలో 10 ప్రామాణిక ఎకరాలంటే 45 ఎకరాలు. ఐదుగురికి మించిన కుటుంబమైతే తలకి 2 చొప్పున కలుపుతూ 18 దాకా పోవచ్చు, అప్పుడు మెట్ట 81 ఎకరాలు అవుతుంది!

దారులు ఇంకా ఉన్నాయి. 1970 సెప్టెంబరు 26కి ముందే పంచుకుని వేరుపడ్డ పెళ్లయిన కొడుకు, తండ్రి కుటుంబం లెక్కలోకి రాడు. పంపకం పాతదని చూపిస్తే చాలు. తోటలకి, కొన్ని దేవుడి భూములకి మినహాయింపు. తరగతి నిర్ణయించేది రెవెన్యూ సిబ్బంది. నీరున్న నేలని కాగితం మీద మెట్టగా దించితే పరిమితి నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. చట్టం ఓడింది కోర్టులో కాదు, అడంగల్ (నేల, సాగు వివరాల రిజిస్టరు) రాసేచోట.

సరిహద్దు అవతల కూడా ఇంతే. ఆంధ్రప్రదేశ్ 1973 చట్టంలో మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54. ఆ బిల్లు 1972లో తెచ్చిన ముఖ్యమంత్రి పి.వి. 1973 జనవరిలో ఆయన పదవి పోయింది. పైకి జై ఆంధ్ర ఉద్యమం, లోపల భూస్వాముల కక్ష. 1991 మనిషిగా మాత్రమే ఆయన్ని చూసేవాళ్లు ఈ 1972 మనిషిని కూడా లెక్కలో వెయ్యాలి.

సిరొంచ_ప్రాణహిత

మా మహారాష్ట్ర దిక్కు పరిమితి 18, 27, 36, 54 ఎకరాలు అన్నా, నీళ్లను బట్టి. మెట్టకు 54, ఆంధ్ర లెక్కనే. చక్కెర కార్ఖానాల నాయకులే కాంగ్రెస్ నాయకులైన రాష్ట్రంల అంతకంటె తక్కువ పెడ్తరని ఎవరన్న ఎట్ల అనుకుంటరు?

గని ఒక్క సంగతి మాత్రం మహారాష్ట్ర కాంగ్రెస్ ఖాతాల వెయ్యాలె. ఉపాధి హామీ. వి.ఎస్.పాగే అనే కాంగ్రెస్ పెద్దమనిషి ఆలోచన. 1972 కరువుల రాష్ట్రమంతట నడిచింది, 1977ల చట్టమైంది, 1979 జనవరి 26 నుంచి అమలు. దీంట్ల అసలు సోషలిజం పైసలు వచ్చే తొవ్వల ఉన్నది. పట్నంల జీతగాళ్ల మీద, వృత్తుల మీద వృత్తి పన్ను వేసి, దానికి సమానంగ సర్కారు కలిపి, పల్లె కూలీకి పని పెట్టిన్రు. పట్నం నుంచి పల్లెకు పైస నేరుగ మళ్లింది. ఢిల్లీ చట్టం 2005ల వచ్చింది గని అందుల ఇసొంటి ప్రత్యేక పన్ను లేకుండె, బడ్జెట్ల ఎంతిస్తే అంతే. బకాయిలన్నీ అందుకే.

గుణుపురం_గోల

2005 చట్టం కాంగ్రెస్ గొప్పా, బయటినుంచి మద్దతిచ్చిన ఎర్రజెండాల గొప్పా?

మాస్టారు_పర్లాకిమిడి

2005 సమాచార హక్కు, ఉపాధి హామీ, 2006 అటవీ హక్కులు, ఈ మూడింటికీ ఆ మాట చెల్లుతుంది. వామపక్షాలు 2008 జులైలో మద్దతు తీసేశాయి. ఆహార భద్రత, భూసేకరణ చట్టాలు వచ్చింది 2013లో, కాబట్టి మొత్తం వాళ్ల పద్దులో వెయ్యలేం. గోల గారికి పనికొచ్చే ఇంకో సంగతి నేనే ఇస్తాను. 2009 జనవరి 1 నుంచి ఉపాధి హామీ చట్టం సెక్షన్ 6(1) కింద కేంద్రమే కూలీ రేటు ప్రకటించి, రాష్ట్ర కనీస వేతనంతో లంకె తెంపేసింది. హక్కు ఇచ్చిన పార్టీయే నాలుగేళ్లలో ఆ హక్కు ధర కట్టేసింది.

2005 చట్టంలో పేదవాడి చేతికిచ్చిన ఆయుధం ఏమిటో చూడండి. పని అడిగిన 15 రోజుల్లో చూపించాలని రాశారు. లేకపోతే నిరుద్యోగ భృతి, మొదటి 30 రోజులకి కూలీలో నాలుగో వంతు, తర్వాత సగం. పని 5 కిలోమీటర్లు దాటితే కూలీ మీద 10 శాతం అదనం. ఇదంతా నిలబడేది ఒక్క కాగితం మీద. దరఖాస్తు ఇచ్చిన తేదీతో రసీదు. ఆ రసీదు ఇవ్వకుండా, పని దొరికిన రోజునే "అడిగాడు" అని కంప్యూటర్లో ఎక్కిస్తే 15 రోజుల గడువు మొదలే అవదు, భృతి పుట్టదు. ఆ చట్టంలో భృతి చెల్లించాల్సింది రాష్ట్రం, కాబట్టి రసీదు ఇవ్వనివాణ్ణి కాపాడేదీ రాష్ట్రమే. ఇక్కడ ఏ పార్టీ ప్రభుత్వమూ తక్కువ తినలేదు.

రాయగడ_రచ్చబండ

మీరంతా బ్యాంకులు, ఎకరాలు అంటున్నారు. కోరాపుట్ వైపు నెహ్రూ సోషలిజం ఎలా కనిపించిందో కూడా రాయాలి కదా. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు, సునాబెడా విమానాల ఫ్యాక్టరీ, తర్వాత దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా ఫ్యాక్టరీ. అన్నీ ప్రభుత్వ రంగమే, ఆవడి లెక్కలో అన్నీ సోషలిజమే. భూమి తీసుకుంది మాత్రం 1894 నాటి బ్రిటిషు చట్టంతో. కొండల జమీందారు చేతిలోంచి సర్కారు చేతిలోకి పోయింది, ఆదివాసీ చేతికి రాలేదు. యజమాని పేరు మారితే సోషలిజం అయిపోతుందా?

2013 భూసేకరణ చట్టంలో దీన్ని కొంత సరిచేశారు. ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం కుటుంబాల ఒప్పుకోలు, ప్రైవేటు భాగస్వామ్యమైతే 70. ప్రభుత్వం తన కోసం తీసుకుంటే ఈ శాతాల బెడదే లేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ సమ్మతి అనే వేరే సెక్షన్ ఉంది, అది వాడుకోవచ్చు. కానీ ప్రభుత్వ రంగం అనేసరికి జనం మాట అడగక్కర్లేదన్న పాత అలవాటు కొత్త చట్టంలోనూ మిగిలింది.

నియమగిరి కొండల్లో బాక్సైటు గని సంగతి తెలిసిందే. 2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతి నిరాకరించింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభల్ని తేల్చమంది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లిసభలు (ఊరి స్థాయి గ్రామసభలు) పెడితే 12కి 12 వద్దన్నాయి. ఢిల్లీలో కాంగ్రెస్ కూటమి, గని కోసం కోర్టుకెళ్లింది ఒడిశాలోని బిజూ జనతాదళ్ (బీజేడీ) ప్రభుత్వపు గనుల సంస్థ. ఇంతవరకు చూస్తే కాంగ్రెస్‌కి మార్కులు వెయ్యొచ్చు. కానీ అదే పర్యావరణ శాఖ 2011 మేలో జగత్‌సింగ్‌పూర్‌లో పోస్కో ఉక్కు ఫ్యాక్టరీకి అటవీ భూమి ఇచ్చింది, అక్కడి గ్రామసభల తీర్మానాలు చెల్లవన్న రాష్ట్రం మాట నమ్మి. చట్టం ఒకటే, మంత్రీ ఒకరే, తొమ్మిది నెలల తేడా. ఇది సూత్రం కాదు, బేరం.

బరంపురం_బాతాఖానీ

మరి 1991? దాని మీద ఎవరూ రాయలేదు.

లెక్కలచిట్టా_జయపురం

ఎందుకంటే అది అందరూ అనుకున్నంత మలుపు కాదు. 1991 జులై 24 విధానంలో 18 పరిశ్రమలు తప్ప మిగతా వాటికి లైసెన్సు తీసేశారు. 1956లో ప్రభుత్వానికే కేటాయించిన 17 రంగాల్ని 8కి దించారు. విదేశీ పెట్టుబడికి 34 పరిశ్రమల్లో 51 శాతం దాకా నేరుగా అనుమతి. పెద్ద మార్పే, కాదనను.

కానీ వెనక్కి తగ్గడం మొదలైంది 1985లో. 1953లో తెచ్చిన ఎస్టేట్ డ్యూటీ, అంటే చచ్చిపోయినవాడి ఆస్తి మీద వారసుల నుంచి తీసుకునే పన్ను, ఆ ఏడాది ఎత్తేశారు. పార్లమెంటులో 400కి పైగా సీట్లున్న కాంగ్రెస్, ఎవరి ఒత్తిడీ లేకుండా, విదేశీ మారకం సంక్షోభం కూడా లేకుండా. 1973-74లో ఆదాయపు పన్ను పై స్లాబు సర్‌చార్జితో 97.75 శాతం. అది ఎగవేతకి ఎరువు వెయ్యడమే, తగ్గించడంలో తప్పులేదు. వారసత్వపు ఆస్తి మీద పన్ను పూర్తిగా వదిలేశాక మాత్రం సంపద పంచుతామన్న మాటకి కాళ్లు లేవు. 1991లో లోటు ఉంది, అప్పు ఉంది, బంగారం తాకట్టు ఉంది. 1985లో ఏముంది?

మాస్టారు_పర్లాకిమిడి

పోలిక కోసం ఒక్కమాట. బ్రిటన్ లేబర్ పార్టీ 1918లో తన నియమావళి నాలుగో అధికరణంలో ఉత్పత్తి సాధనాలు ఉమ్మడి సొంతం కావాలని రాసుకుంది. 1959 ఎన్నికల్లో ఓడాక పార్టీ నాయకుడు గైట్‌స్కెల్ మార్చబోతే పార్టీ ఒప్పుకోలేదు. 1995లో బ్లెయిర్ ప్రత్యేక మహాసభ పెట్టి, ఓటు వేయించి, మార్చారు. మార్చినది మంచా చెడా వేరే చర్చ. కనీసం సభ్యుల ముందు తగవు జరిగింది. పి.వి. 1992 ఏప్రిల్‌లో తిరుపతి మహాసభలో ఇది నెహ్రూ దారే, మధ్యేమార్గం అని చెప్పి గట్టెక్కారు. నియమావళిలో సోషలిస్టు రాజ్యం అలాగే ఉంది, ఎవరూ ఓటు అడగలేదు. పోరాడి ఓడిపోయే అవకాశం కూడా పార్టీలోని సోషలిస్టులకి దక్కలేదు.

గుణుపురం_గోల

ఇప్పుడు దారిలోకి వచ్చారు మాస్టారూ. మరి బీజేడీ సంగతి? రూపాయికి కిలో బియ్యం ఇచ్చారు, సోషలిజం కాదా?

రాయగడ_రచ్చబండ

2008లో 2 రూపాయలకి, 2013లో రూపాయికి. కడుపు నిండింది, అది చిన్న విషయం కాదు. కానీ మాస్టారి రెండో ప్రశ్న పెట్టి చూడండి. ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చింది ఉత్తర్వుతో పోతుంది. 2013 ఆహార భద్రత చట్టంలో తలకి 5 కిలోలు చట్టబద్ధం, ఇవ్వకపోతే భత్యం అడగొచ్చు. ఆదివాసీ భూమి బయటివాళ్లకి పోకుండా 2002లో నిబంధన బిగించింది బీజేడీ ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ ప్రభుత్వమే, దాన్ని సడలిస్తూ 2023 నవంబరులో కేబినెట్ నిర్ణయం చేసి గొడవయ్యాక ఆపిందీ అదే. అక్కడితో ఆపుదాం, చర్చ కాంగ్రెస్ మీద.

సిరొంచ_ప్రాణహిత

సర్కారు సొంతం, జనం సొంతం అన్న తేడా చూడాలంటె తునికాకు చూడున్రి. మీ దిక్కు కేందు ఆకు అంటరు. 1960లు, 70లల్ల రాష్ట్రాలన్ని దీన్ని సర్కారు వ్యాపారం చేసినయి. మహారాష్ట్ర 1969ల, ఆంధ్ర 1971ల, ఒడిశా 1973 జనవరిల. దళారి పోయిండు, మంచిదే. కూలీకి రేటు ఖాయమైంది. గని అడివి సొంతదారు అటవీ శాఖ, ఆకు తెంపేటోడు కూలోడు.

2006 అటవీ హక్కుల చట్టంల తునికాకు, వెదురు చిన్న తరహా అటవీ ఉత్పత్తులు, వాటి మీద యాజమాన్యం గ్రామసభది. మా గడ్చిరోలిల మెండా లేఖకు 2009ల సుమారు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు వచ్చింది. వెదురు రవాణా పాసు పుస్తకం చేతికి రానీకె 2011 ఏప్రిల్ దాక ఆగాల్సి వచ్చింది, కేంద్ర మంత్రే ఊరికి వచ్చి ఇప్పించిండు. తర్వాత జిల్లాల చాన గ్రామసభలు తునికాకు సొంతంగ వేలం పెట్టుకున్నయి. కాంగ్రెస్ చేసిన పనులల్ల సోషలిజానికి అన్నిటికంటె దగ్గర ఇదే అంట నేను. సర్కారు ఆస్తిని సర్కారు నుంచే గుంజి ఊరికిచ్చింది. సొంత 1970ల పనిని సొంత 2006 చట్టంతోని కొట్టేసుకున్నది.

ఇబ్బందులు లేవా అంటె ఉన్నయి. మా దగ్గర కట్టకు 70 ఆకులు, వెయ్యి కట్టలకు ఒక ప్రామాణిక సంచి. గోదావరి దాటితె తెలంగాణల 50 ఆకుల కట్ట. కాంట్రాక్టరు అవతలి సంచి ధర చెప్పి ఇవతలి సంచి కొంటడు. వేలం ఒప్పందంల కట్టకు ఆకులు ఎన్ని, కల్లం మీద ఎండినంక తీసేసే తాలు ఎంత, పైసలు ఎన్ని విడతలు, ముందుగాల జమ ఎంత అని రాసుకోకుంటె గ్రామసభ మునుగుతది.

బరంపురం_బాతాఖానీ

ఇది బాగుంది. అయితే గజపతి, రాయగడ పల్లెల్లో సామూహిక హక్కు అడగాలంటే అసలు ఏం చెయ్యాలి? సోషలిజం చర్చకి ఇదీ కొలబద్దే, వాడుకోలేని హక్కు దేనికి?

రాయగడ_రచ్చబండ

పని ఊరి స్థాయిలో మొదలవ్వాలి, పంచాయతీ స్థాయిలో కాదు. చాలా దరఖాస్తులు చచ్చేది అక్కడే. పల్లిసభ పెట్టి 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీ ఎన్నుకోవాలి. మూడింట రెండొంతులు ఆదివాసీలు, మూడో వంతుకి తగ్గకుండా ఆడవాళ్లు. సభకి సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. సంతకాల పుస్తకంలో ఆ లెక్క కనిపించకపోతే పైన తిప్పి పంపేస్తారు.

ఫారం ఏ వ్యక్తిగత సాగుకి, గరిష్ఠం 4 హెక్టార్లు, 2005 డిసెంబరు 13 నాటికి స్వాధీనంలో ఉండాలి. ఫారం బి ఆకు, వెదురు, మేత, చేపల వంటి ఉమ్మడి హక్కులకి. ఫారం సి అడవిని కాపాడుకుని నిర్వహించుకునే హక్కుకి. బి ఒక్కటే వేసి సి వదిలేస్తే ఆకు ఏరుకోవచ్చు గానీ అడవి మీద పెత్తనం శాఖదే. రెండూ వెయ్యాలి. సాక్ష్యాలు కనీసం రెండు. దరఖాస్తుదారు కాని పెద్దవాళ్ల మాట రాసుకుని సంతకం పెట్టించినా ఒక సాక్ష్యమే. అటవీ శాఖ రికార్డు గానీ ఉపగ్రహ చిత్రం గానీ లేదని తోసిపుచ్చడం నిబంధనలకి విరుద్ధం.

సాగరాలు, తెలుగు కాపులు వంటి ఆదివాసేతరులకి 75 ఏళ్ల నివాసం చూపించాలి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. వాళ్లకి కూడా పెద్దల వాంగ్మూలం, పాత జమాబందీ పనికొస్తాయి.

గుణుపురం_గోల

గ్రామసభ పంపిన దరఖాస్తుని పైనున్న సబ్ డివిజన్ కమిటీ తిరగ్గొడితే?

రాయగడ_రచ్చబండ

కారణం రాతలో ఇవ్వాలి. వాళ్లంతట వాళ్లు విస్తీర్ణం తగ్గించెయ్యకూడదు, పునఃపరిశీలనకి గ్రామసభకే తిప్పి పంపాలి. నిర్ణయం మీద 60 రోజుల్లోపు జిల్లా కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ 60 రోజులు లెక్కపెట్టాల్సింది ఆర్డరు చేతికొచ్చిన రోజు నుంచి అనుకుంటారు, నిబంధనలో ఉన్నది నిర్ణయం జరిగిన తేదీ. ఆర్డరు ఆలస్యంగా పంపి గడువు తినేస్తారు కాబట్టి కమిటీ సమావేశం ఎప్పుడో ముందే కనుక్కుని, మినిట్స్ కాపీకి ఆ వారంలోనే అర్జీ పెట్టండి. హక్కు పత్రం వచ్చాక రవాణా పర్మిట్ ఇవ్వాల్సింది గ్రామసభ వేసుకున్న కమిటీ. రేంజరు సంతకం కావాలని ఫడి (ఆకు సేకరణ కేంద్రం) దగ్గర బండి ఆపితే, 2012లో సవరించిన నిబంధనల కాపీ ఒడియాలో ఉన్నది చూపించండి, ఇంగ్లీషుది చూపిస్తే పక్కన పెట్టేస్తున్నారు.